సిఫార్సు లేఖతో గ్రాంటు రాదు

సంపాదకులకు,

ఎమ్మెల్యే చొరవతో కాలనీకి నిధులొచ్చాయంటూ గత వారం మీ విశాఖ ఎడిషన్‌లో వేసిన వార్త చదివాక ఈ నాలుగు ముక్కలు రాయక తప్పడం లేదు. కొబ్బరికాయ కొడుతున్న ఫొటో వేశారు. శాలువాలు కప్పినవాళ్ల పేర్లన్నీ వరసగా వేశారు. ఆ డబ్బు ఏ పద్దు కిందిది, అంచనా ఎంత, పరిపాలనా ఆమోదం వచ్చిందా రాలేదా అన్నది మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు.

కాలనీ సంఘం నిధులు అడిగితే ఎమ్మెల్యే ఆఫీసులో లెటర్‌హెడ్ మీద 'పరిశీలించి తగు చర్య తీసుకోగలరు' అని రాసి సంతకం పెట్టి ఇస్తారు. సంఘం పెద్దలు ఆ కాగితం పట్టుకుని కలెక్టరేట్‌కో, నగరపాలక సంస్థ జీవీఎంసీకో పరుగెడతారు. అక్కడ నంబరు పడి, జోనల్ ఆఫీసుకు, అటునుంచి వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) బల్ల మీదకు చేరుతుంది. వెనక అంచనా లేదు, స్థలం కాగితం లేదు. ఏఈ మాత్రం ఏం చేస్తారు? ఇందులో ఆయన్ని తిట్టి లాభం లేదు, ఒట్టి కాగితం పంపినవాళ్లనే అడగాలి.

ముందు తేలాల్సింది స్థలం. అది గెడ్డ పోరంబోకా (వాగు కింది ప్రభుత్వ భూమా), రిజిస్ట్రేషన్లు చేయకూడని 22-ఎ నిషిద్ధ జాబితాలో ఉందా అన్నది సర్వే నంబరుతో సహా తహసీల్దార్ దగ్గర రాయించుకోవాలి. లేఔట్‌లో వదిలిన ఖాళీ జాగా అయితే గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) జీవీఎంసీ పేరిట రిజిస్టరైందో లేదో చూడాలి. దేవస్థానం భూముల వివాదం ఉన్న సింహాచలం పంచగ్రామాల్లో ఈ చిక్కు ఎంత లోతైనదో అడవివరం, వేపగుంట వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత అంచనా. ఎప్పటిదో పాత ఫైలు తీసి, తేదీ మార్చి పెడతారు. ప్రభుత్వ కట్టడాల కాంట్రాక్టు మీద జీఎస్టీ 2022 జులై 18 నుంచి 12 శాతం కాదు, 18 శాతం. పాతిక లక్షల పనికి పన్ను మూడు లక్షలని రాసుకుంటే చివరికి కట్టాల్సింది నాలుగున్నర లక్షలు. కార్మిక సెస్ ఒక శాతం, మరో పాతిక వేలు. ఈ లోటు ఎవరు పూడుస్తారు? స్లాబు పడ్డాక ఫ్లోరింగు, మరుగుదొడ్లు ఆగిపోతాయి. జనం కాంట్రాక్టర్‌ను తిడతారు.

పరిశ్రమలున్న ఊరు కాబట్టి అందరి కళ్లూ సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత నిధుల మీదే. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలని కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది, నిజమే. కానీ ఏడాది ప్రణాళికను బోర్డు ఆమోదించేశాక ఫిబ్రవరిలో లేఖ ఇస్తే ఏం ప్రయోజనం? సంఘమే పని చేయించాలంటే ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జీ రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖలో నమోదైతే వచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు, అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం కావాలి. కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయని కాలనీ సంఘం ఇవెక్కడ తెస్తుంది? అందుకే ఎమ్మెల్యే కొత్త ఆర్థిక సంవత్సరానికి ముందే కూర్చుని, కంపెనీకీ జీవీఎంసీకీ మధ్య ఒప్పందం కుదర్చాలి. ఆ పని లెటర్‌హెడ్ వల్ల కాదు.

గ్రాంటు మొదటి విడత వచ్చిందని పండగ చేసుకున్నాక రెండో విడత ఎందుకు రాదో ఎవరూ అడగరు. యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం, పంపకపోతే రాదు. ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కక, బిల్లు పాసు కాక, అది నెలల తరబడి కదలదు. ఎమ్మెల్యే ఫోన్ చేయాల్సింది అప్పుడు.

పైగా ఎమ్మెల్యేలకున్న అధికారం తక్కువేం కాదు. జీవీఎంసీ కౌన్సిల్‌లో ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు. గనుల సొమ్ముతో నడిచే జిల్లా మినరల్ ఫౌండేషన్ పాలకమండలిలోనూ చోటుంది. అసెంబ్లీలో ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలి. 2012లో పాలకవర్గం గడువు తీరాక 2021 మార్చి దాకా ఈ నగరానికి ఎన్నికలే పెట్టలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంట్లకు గండి పడుతుందని తెలిసీ ఎన్ని పార్టీల వాళ్లు అన్నేళ్లు ఊరుకున్నారు! ఒక కాలనీకి పాతిక లక్షలు తెచ్చామని ఫ్లెక్సీలు కట్టేవాళ్లు, నగరం మొత్తానికి రావాల్సిన డబ్బు గురించి నోరెత్తకపోతే ఎలా?

ప్రతి ఎమ్మెల్యే ఆఫీసులో ఒక రిటైర్డ్ డీఈనో (డిప్యూటీ ఇంజనీరునో), అకౌంట్స్ ఉద్యోగినో కూర్చోబెట్టి, సిఫార్సు లేఖకు స్థలం పత్రం, తాజా రేట్ల అంచనా, పద్దు పేరు జతచేశాకే సంతకం పెట్టించాలి. మీరు కూడా ఇకమీదట శంకుస్థాపన ఫొటో వేసినప్పుడు పరిపాలనా ఆమోదం నంబరు, తేదీ, అంచనా మొత్తం అడిగి ఫొటో కిందే వేయండి. అవి ఇవ్వలేకపోతే ఇవ్వలేదనే రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మద్దిలపాలెం, విశాఖపట్నం