బందులకీ తాళాలకీ ఇక ఒకే స్ప్రే కొట్టం

అందరికీ నమస్తే అండి. మా దగ్గర తలుపుల పని, తాళాల పని చేయించుకున్న వాళ్ళకి ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇన్నాళ్ళూ సర్వీసుకి వచ్చినప్పుడు కిర్రుమనే తలుపు బందులకైనా (హింజెస్), తిరగని తాళానికైనా ఒకటే పల్చటి స్ప్రే కొట్టి వచ్చేసేవాళ్ళం, కొట్టగానే చప్పుడు ఆగిపోయేది, పని అయిపోయిందనుకునేవాళ్ళం. నెలా రెణ్ణెల్లకి మళ్ళీ అదే తలుపు, అదే కిర్రు, మళ్ళీ మీ ఫోను. తప్పు తలుపుది కాదు, మేం వేసిన మందుది.

డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు అసలు పుట్టింది వేరే పనికి. ఆ పేరులో డబ్ల్యూడీకి అర్థమే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే నీటిని తోసేయడం, నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని 40. 1953లో అమెరికాలో, లోహం మీద తేమ నిలిచి తుప్పు పట్టకుండా ఉండటానికి తయారు చేశారు. బిగుసుకున్న నట్టు వదిలించడానికి, తడి పోగొట్టడానికి ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దాన్ని నేనేం తప్పుపట్టను. కానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, మిగిలేది సన్నటి నూనె పొర, పైగా బందులో ఉన్న పాత గ్రీజుని కూడా కడిగేస్తుంది. రోజుకి ఇరవైసార్లు తీసి వేసే తలుపు బరువుకి ఆ పొర ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పండి.

ఇప్పుడు బందులకి వైట్ లిథియం గ్రీజు వాడుతున్నాం. పైనుంచి పూయడం కాదు, బందు రెండు రెక్కల్నీ కలిపి ఉంచే పిన్ను బయటికి లాగుతాం. మొన్న ఒక పిన్ను తీస్తే చుట్టూ కాటుకలా నల్లటి మడ్డి, అదంతా ఇనుము అరిగిన పొడి, దాని కింద పిన్ను మీద గోటికి తగిలేంత గాడి పడింది. ఆ మడ్డి తుడిచి, తుప్పుంటే స్టీల్ పీచుతో రుద్ది, గ్రీజు పల్చగా రాసి మళ్ళీ దింపాలి. మీరే చేసుకుంటే ఒక్కో పిన్నే తీయండి, అన్నీ ఒకేసారి తీస్తే తలుపు మీద పడుతుంది. పిన్ను ఊడిరాని రకమైతే సన్న గొట్టం ఉన్న గ్రీజు స్ప్రే కొట్టి, తలుపు పదిసార్లు ఊపి, కారింది తుడిచేయండి.

తాళంలో మాత్రం గ్రీజు వద్దే వద్దు, నూనె కూడా వద్దు. మామూలు సిలిండర్ తాళంలో ఐదారు బుల్లి పిన్నులు, ఒక్కోదాని మీద వెంట్రుకంత స్ప్రింగు ఉంటాయి, నూనెకి దుమ్ము అంటుకుని పేస్టులా అయితే ఆ పిన్నులు పైకి పోయి అక్కడే ఉండిపోతాయి. వంటనూనె అయితే మరీ ఘోరం, నూనె డబ్బా అడుగున పట్టే జిగురు లాంటిదే లోపల కూడా పడుతుంది.

ఒక ఇంట్లో ఇలాగే జరిగింది, అది నన్ను చాలా బాధపెట్టింది. అంతకుముందు మేమే స్ప్రే కొట్టిన తాళంలో మా కుర్రాడు గ్రాఫైట్ పొడి (పెన్సిల్ ములుకులో ఉండే నల్లటి పదార్థం) ఊదాడు, ఆ రోజు మెత్తగా తిరిగింది, కొన్ని వారాలకి తాళంచెవి సగంలో ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల నల్లటి బురద. గ్రాఫైట్ పొడిగా ఉన్నంతవరకు మంచిదే, నూనె తగిలితే ఇంతే. సిలిండర్ మా ఖర్చుతోనే మార్చి ఇచ్చాం. అప్పట్నుంచి ముందు క్లీనర్‌తో కడిగి, ఆరనిచ్చి, పీటీఎఫ్ఈ (నాన్‌స్టిక్ పెనాల మీద ఉండే టెఫ్లాన్ లాంటిది) డ్రై స్ప్రే మాత్రమే కొడుతున్నాం, ద్రవం ఎగిరిపోయి సన్నటి పొడి పొర మిగులుతుంది, దుమ్ము పెద్దగా పట్టదు. బ్యాటరీతో నడిచే తాళాల్లో గ్రాఫైట్ అసలు వేయకండి, గ్రాఫైట్‌లోంచి కరెంటు పారుతుంది.

సిలికాన్ స్ప్రే రబ్బరు అంచులకి, ప్లాస్టిక్ పట్టాలకి బాగుంటుంది, నేల మీద పడితే వెంటనే తుడవండి, జారిపడతారు.

ఇంకోటి, తలుపు తీసి ఉన్నప్పుడు తాళం హాయిగా తిరిగి, వేసినప్పుడు మాత్రం బిగుసుకుంటుంటే అది ఏ స్ప్రేకీ లొంగదు. తలుపు కిందికి జారి గడియ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రావట్లేదన్నమాట, ముందు పై బందు స్క్రూలు బిగించి చూడండి.

గత ఏడాదిలో మేం పాత పద్ధతిలో చేసినవన్నీ మళ్ళీ ఉచితంగా చేసిస్తాం. ఏం వేశామో, ఏ తేదీన వేశామో తలుపు అంచున చిన్న చీటీ అంటిస్తాం. మేం వచ్చేలోపు మీరు తాళంలో ఏదైనా పోసి ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, దాన్నిబట్టే కడగాలా వద్దా అని చూసుకుంటాం.