ఆ రాత్రి పెట్టిన ఒక్క సంతకానికి

నాన్న నిన్న ఇంటికి వచ్చారు. తొడ ఎముకకు కడ్డీ వేశారు, ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదు. మంచం మీది నుంచే కట్టెల డిపో లెక్కలు అడుగుతున్నారు కాబట్టి బాగున్నట్టే.

దేవరకొండ రోడ్డు మీద ప్రమాదం జరిగిన రాత్రి ఆయనకు ఓ నెగెటివ్ రక్తం కావలసి వచ్చింది. ఆ గ్రూపు వారికి మరే రక్తమూ పనికిరాదు, దొరకడమూ అరుదే. తెల్లవారేలోగా నలుగురు వచ్చి ఇచ్చారు. పేర్లు రాయవద్దన్నారు, రాయను.

మొదట వచ్చింది మా డిపోలో దర్వాజాలు చేసే వడ్రంగన్న. నాన్న ముప్పై ఏళ్లు కట్టె వ్యాపారం చేశారు. దుంగను చేత్తో తట్టి లోపల తొర్ర ఉందో లేదో చెప్పేవారు. చేతిలో డబ్బు లేనివారు టేకు అడిగితే, "నీకెందుకయ్యా, వేప తీసుకో, చెద కూడా తొందరగా పట్టదు" అని తక్కువ ధర సరుకే చూపించేవారు. దర్వాజా నిలబెట్టే రోజు బాకీ అడగరాదని ఆయన నియమం. ఆ తర్వాతైనా అడిగారా అంటే అదీ లేదు. అమ్మ కోపం న్యాయమైనదే.

అలాంటి మనిషి 2019 జనవరిలో సర్పంచ్‌గా నిలబడితే, "చెట్లు కోయించినవాడికి ఊరెందుకు?" అన్నారు. గెలిచారు. గెలిచాక తెలిసింది అసలు సంగతి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచ్ పదవికే ఎసరు. పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే. కోత మిషను యజమాని పొద్దున్నే ట్యాంకర్ వెనక నడుస్తూ కానుగ మొక్కలకు నీళ్లు పోయించడం ఊరంతా చూసి నవ్వుకుంది. నేనూ నవ్వాను.

చెక్కు మీద ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలన్నదీ ఆ చట్టమే. మా ఉపసర్పంచ్ గారు అవతలి వర్గం. ట్యాంకర్ డీజిల్ బిల్లు మీద సంతకం కోసం నాన్న ఆయన గడప ఎన్నిసార్లు తొక్కారో లెక్కలేదు. చాలాసార్లు డీజిల్ డబ్బు డిపో గల్లాలో నుంచే పోయింది.

రాత్రి మూడున్నరకు బ్లడ్ బ్యాంకు తలుపు తోసుకుని వచ్చింది ఆయనే. ఏమీ మాట్లాడలేదు. రక్తదాన పత్రం తీసుకుని సంతకం పెట్టి లోపలికి వెళ్లారు.

మర్నాడు సంగతి విని నాన్న కుట్లు లాగుతున్నా నవ్వారు. "మొత్తానికి అడగకుండానే ఒక సంతకం పెట్టావు తమ్మీ."

"దీనికి తీర్మానం అక్కర్లేదు కదా అన్నా."

ట్యాంకర్ నడిపిన తమ్ముడికి, కొండమల్లేపల్లి నుంచి ఎవరి బండో అడిగి తీసుకుని వచ్చిన కాలేజీ అబ్బాయికి కూడా మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. మళ్లీ రక్తం ఇవ్వాలంటే మీరు మూడు నెలలు ఆగాలి, భోజనానికి ఆగనక్కర్లేదు. ఆదివారం నలుగురూ రండి. ఉపసర్పంచ్ గారూ, నాన్న పాత డీజిల్ బిల్లులు బయటికి తీయకుండా నేను చూసుకుంటాను.