పేదల సినిమాలో మాయకు చోటు లేదా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ నియోరియలిజం మీద, అంటే యుద్ధం తర్వాత మామూలు పేదల బతుకును ఉన్నదున్నట్టు చూపిన సినిమాల మీద, వచ్చిన వ్యాసం చదివాను. 'బైసికిల్ థీవ్స్' (1948) గురించీ, 'ఉంబెర్తో డి' (1952) గురించీ వ్యాసకర్త ఎంతో ప్రేమగా రాశారు. ఆ రెండింటి మధ్య 1951లో వాటి దర్శకుడే అయిన విత్తోరియో డిసికా తీసిన 'మిరకిల్ ఇన్ మిలాన్'ని మాత్రం, వాస్తవాన్ని వదిలేసి పిల్లల కథలోకి పారిపోయిన సినిమా అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈ మాట ఆయనొక్కరిదే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. సినిమా పాఠాల్లోనూ, ఫిల్మ్ సొసైటీల చర్చల్లోనూ చాలాసార్లు విన్న మాటే ఇది. పేదవాళ్ల సినిమా అంటే చివరిదాకా ఏడుపే ఉండాలి, కల కనిపిస్తే నిజాయితీ పోయినట్టే అనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. దీనికి నా అభ్యంతరం గట్టిగా చెప్పదలచుకున్నాను.

ముందు ఒక సంగతి గుర్తు చేయాలి. ఈ మూడు సినిమాల రచనలోనూ ప్రధానమైన చెయ్యి ఒక్కరిదే, ఇటలీ రచయిత చేజారే జవత్తీనిది. 'మిరకిల్ ఇన్ మిలాన్'కి మూలం 1943లో ఆయన రాసిన నవల. అంటే సైకిల్ పోగొట్టుకున్న కూలీ కథ కంటే ముందే ఈ మాయ కథ ఆయన మనసులో ఉంది. దారి తప్పి ఇటు వచ్చాడనడం కుదరదు.

సినిమాలో క్యాబేజీ మడిలో దొరికిన పసివాడు తోతో. లొలొత్తా అనే ముసలావిడ వాణ్ని పెంచుతుంది. ఆవిడ పోయాక అనాథాశ్రమంలో పెరుగుతాడు. బయటికొచ్చాక తల దాచుకునే చోటు లేక, మిలాన్ శివార్లలో రేకులూ చెక్కలూ కట్టుకుని బతికే వాళ్లతో కలుస్తాడు. ఆ గుడిసెలు కల్పన కావు. 1943 ఆగస్టు బాంబుదాడుల్లో మిలాన్ ఘోరంగా దెబ్బతింది. యుద్ధం ముగిసి ఏళ్లు గడిచినా ఇల్లు లేనివాళ్లు అక్కడ వేలల్లో ఉన్నారు.

ఇప్పుడు ఆ సినిమాలోని 'మాయ' ఎలాంటిదో చూడండి. చలికాలం, మబ్బు పట్టి ఉంది. ఒకచోట సన్నగా ఎండ పడుతుంది. అందరూ పరుగెత్తుకెళ్లి ఆ కాస్త వెలుగులో ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడతారు. ఎండ జరుగుతుంది, వాళ్లూ దాని వెంట పరుగెడతారు. ఇందులో మంత్రం ఏమీ లేదు. అయినా చూస్తుంటే అద్భుతం చూసినట్టే ఉంటుంది. ఇంకోచోట బెలూన్లు అమ్మే బక్కమనిషి తన బెలూన్లతో పాటే గాల్లోకి లేచిపోతాడు. జనం పట్టుకుని రొట్టె తినిపిస్తే గానీ అతని కాళ్లు నేల మీద నిలవవు. ఆ మనిషి ఎన్నాళ్ల నుంచి తినలేదో చెప్పడానికి ఇంతకంటే సూటి మార్గం నాకు తెలియదు. ఆకలిని తీసేస్తే ఆ దృశ్యమే లేదు. ఎండ కోసం పరుగు దగ్గర మొదలై బెలూన్ల మనిషి దాకా వచ్చేసరికి, నిజం ఎక్కడ ఆగిందో మాయ ఎక్కడ మొదలైందో ప్రేక్షకుడికి గుర్తు కూడా ఉండదు. డిసికా పనితనం అంతా అక్కడే ఉంది.

ఆ నేల కింద చమురు పడుతుంది. అక్కడి నుంచి సినిమాకి అసలైన కోపం వస్తుంది. స్థలం బేరమాడుతున్న ఇద్దరు ధనవంతుల మాటలు చూస్తూ చూస్తూ కుక్కల మొరుగుడుగా మారిపోతాయి. మొదట గుడిసెల దగ్గరికొచ్చి మీకూ నాకూ తేడా ఏముంది, అందరికీ చేతికి ఐదు వేళ్లే కదా అని ఉపన్యాసమిచ్చిన మొబ్బి, ఆ ధనవంతుల్లో ఒకడు, తర్వాత పోలీసులను పంపిస్తాడు. అప్పుడు చనిపోయిన లొలొత్తా పైనుంచి దిగివచ్చి తోతో చేతిలో ఒక పావురాన్ని పెడుతుంది. ఏది కోరితే అది ఇచ్చే పావురం. పోలీసు అధికారి దాడికి ఆజ్ఞ ఇవ్వబోతే నోట్లోంచి ఒపెరా పాట వస్తుంది.

వాస్తవం నుంచి పారిపోవాలనుకునే దర్శకుడైతే ఇక్కడితో ఊరంతా బాగుపడినట్టు చూపించేవాడు. డిసికా అలా చేయలేదు. పావురం దొరికాక ఆ పేదలు ఏం అడిగారు? ఒకరు బొచ్చు కోటు, ఒకరు బీరువా. ఇద్దరు పోటీపడి మిలియన్ల మీద మిలియన్లు. ఒక నల్లజాతి యువకుడు, ఒక తెల్ల యువతి ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఒకరికి తెలియకుండా ఒకరు రంగు మార్చుకున్నారు, మళ్లీ మధ్యలో అదే దూరం మిగిలింది. పేదవాళ్లను దేవుళ్లను చేయకుండా, వాళ్ల ఆశనూ అసూయనూ ఇంత ప్రేమగా చూపించిన సినిమాలు అరుదు. నియోరియలిజం అనే మాటకు విలువ ఉంటే ఇలాంటి చోటే ఉండాలి.

చివరికి అందరినీ వ్యానుల్లో ఎక్కించి దువోమో చర్చి ముందున్న మైదానానికి తెస్తారు. అక్కడ వీధులు ఊడ్చేవాళ్ల చీపుర్లు అందుకుని వాళ్లు ఆకాశంలోకి ఎగిరిపోతారు, 'శుభోదయం' అంటే నిజంగానే శుభోదయం అయ్యే రాజ్యం వైపు. మీ వ్యాసకర్త దీన్ని తీపి ముగింపు అన్నారు. నాకైతే గుండె పిండేసింది. అంత పెద్ద నగరంలో వాళ్లకు కాలు పెట్టుకునే జాగా లేదనేగా దాని అర్థం! ఇల్లు ఇచ్చారని అబద్ధం చెప్పడం కంటే, భూమ్మీద చోటు దొరకలేదని చెప్పడం ఎంత నిజాయితీ.

అప్పట్లోనూ ఇది ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. వామపక్షం వాళ్లకు పోరాటం చాల్లేదనిపించింది, కుడిపక్షం వాళ్లకు ఇది కమ్యూనిస్టు ప్రచారంలా కనిపించింది. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ చిత్రోత్సవం మాత్రం 1951లో అత్యున్నత బహుమతిని దీనికీ, ఒక స్వీడన్ చిత్రానికీ కలిపి ఇచ్చింది. మరుసటి ఏడాది 'ఉంబెర్తో డి' వచ్చినప్పుడు, ఇటలీ ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూస్తున్న జూలియో ఆంద్రేయొత్తి, డిసికా దేశానికి చెడ్డపేరు తెస్తున్నారని పత్రికలో బహిరంగంగానే రాశారు. కల కలిపితే ఒక నింద, కలపకపోతే ఇంకో నింద. పేదవాడు తెర మీదికి రావడమే చాలామందికి ఇబ్బంది అని నాకు అనిపిస్తుంది.

మనకు దీనితో ఒక సంబంధం ఉంది, అది చాలామందికి గుర్తులేదు. 1952 జనవరిలో బొంబాయిలో మొదలైన మన దేశపు మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంలో 'మిరకిల్ ఇన్ మిలాన్' వేశారు. అదే ఉత్సవంలో మన 'పాతాళభైరవి' కూడా ఉంది. రెండూ 1951 సినిమాలే. రెండింట్లోనూ లేనివాడి చేతికి కోరికలు తీర్చేది ఒకటి దొరుకుతుంది, చేజారుతుంది, మళ్లీ దొరుకుతుంది. తోటరాముడికి చివర్లో రాకుమారి దక్కింది, తోతోకి నగరంలో గుడిసె కూడా మిగల్లేదు. తోటరాముణ్ని ఇన్నేళ్లుగా గుండెల్లో పెట్టుకున్న తెలుగు ప్రేక్షకుడికి తోతో అర్థం కాడా? తప్పకుండా అవుతాడు. మాయ అనగానే చిన్నచూపు చూసే అలవాటు మన జనానిది కాదు, మన విమర్శది.

అందుకే నాది ఒక విన్నపం. ఈ సినిమాను ఇటలీలో పాత సినిమాలను భద్రపరిచే సంస్థ బొలోన్యా సినిమాతెక్ పునరుద్ధరించింది, 2019లో కాన్‌లో ఆ ప్రతిని ప్రదర్శించారు. కాబట్టి మంచి ప్రతి లేదనే సాకు ఇక చెల్లదు. మన రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు, విశ్వవిద్యాలయాలు, ఫిల్మ్ సొసైటీలు పాత ప్రపంచ సినిమాలు వేసేటప్పుడు 'బైసికిల్ థీవ్స్' పక్కన దీన్ని కూడా వేయాలి. తెలుగు సబ్‌టైటిల్స్‌తో వేయాలి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వెంట పరుగెత్తలేక మధ్యలో లేచి వెళ్లిపోయిన వాళ్లను చూశాను. మురికివాడలో పెరిగిన కుర్రాడికే ఈ సినిమా అందకపోతే ఎలా? సబ్‌టైటిల్స్ రాసే ఓపిక, భాష తెలిసిన విద్యార్థులు మన దగ్గర చాలామందే ఉన్నారు. హక్కుల అనుమతి తెచ్చే పని ఏదైనా సంస్థ నెత్తికెత్తుకుంటే చాలు. మీ పత్రిక ఈ విషయాన్ని ఆ శాఖల దృష్టికి తీసుకెళ్లాలని, వీలైతే ఈ సినిమా మీద విడిగా ఒక వ్యాసం వేయాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, గుంటూరు