వార్షిక నివేదిక 2024-25: బొమ్మలతో ప్రకృతి పాఠాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ముఖ్యంగా పక్షులు, పాముల బొమ్మలు గీయించి, పటాలుగా అచ్చు వేయించి, బడులకూ ఊళ్లకూ తీసుకెళ్లింది. ఫోన్‌లో ఇన్ని ఫోటోలు ఉండగా బొమ్మలెందుకని గత సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. దానికి జవాబు మన కడప జిల్లాలోనే దొరుకుతుంది.

1900 తర్వాత దశాబ్దాల పాటు కలివికోడి అనే అరుదైన పిట్ట జాడే లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాని బొమ్మ పట్టుకొచ్చి, లంకమల కొండల చుట్టుపక్కల ఊళ్లలో పిట్టలు పట్టేవాళ్లకు చూపించి అడిగారు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడు ఆ పిట్టను పట్టుకున్నాడు. పరిశోధకుడు భరత్ భూషణ్ అది కలివికోడేనని గుర్తించారు. రాత్రిపూట తిరిగే పిట్ట గురించి ఊరివాళ్లకు తెలిసిన సంగతి ఒక బొమ్మ వల్లే బయటికొచ్చింది. అందుకే మన మొదటి పటంలో కలివికోడినీ తీతువునూ ఒకే కొలతలో పక్కపక్కనే గీయించాం. కలివికోడి చిన్నది. రొమ్ము మీద రెండు పట్టీలు, గొంతు దగ్గర నారింజ రంగు మచ్చ ఉంటాయి. మొదటి అచ్చులో ఆ మచ్చ ముదురు ఎరుపుగా వచ్చింది. మళ్లీ వేయించడంతో ఖర్చు పెరిగింది. గుర్తు పట్టడానికి పనికిరాని బొమ్మ పంచడం కంటే అదే నయమని కార్యవర్గం భావించింది.

రెండోది పాముల పటం. ఊళ్లలో ఎక్కువ మంది అడిగింది దీన్నే. కట్లపాము తెల్లచారలు తల వైపు మసకగా ఉండి, తోక వైపుకు స్పష్టమవుతాయి. దాన్ని పోలిన విషం లేని పాముకు మెడ దగ్గరే చారలు బాగా కనిపించి, తోక వైపుకు చెరిగిపోతాయి. కట్లపాము వీపు మధ్య వరుసలో పెద్ద పొలుసులుంటాయి. ఫోటోలో ఇవన్నీ ఒకేసారి కనిపించడం కష్టం. చిత్రకారుడు ఆ వరుసను పెద్దదిగా విడిగా గీసి చూపగలడు. అయితే పటం చూసి ఎవరూ పామును పట్టుకోకూడదు. కట్లపాము కాటుకు నొప్పి పెద్దగా ఉండదు, నిద్రలో తెలియకపోవచ్చు. అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని పటం కింద పెద్ద అక్షరాలతో రాయించాం.

పిల్లల చిత్రలేఖన పోటీ ఎప్పటిలాగే జరిగింది. జమాఖర్చుల వివరాలు కోశాధికారి సమర్పిస్తారు.

వచ్చే ఏడాది పెన్నా చేపల పటం వేయాలని ఉంది. ఒకే చేపను ఊరికో పేరుతో పిలుస్తారు కాబట్టి, మీ ఊళ్లో చేపలు పట్టేవాళ్లనడిగి పేర్లు రాసి కార్యదర్శికి పంపండి.

ఇట్లు,
కార్యదర్శి