పాలమీది మెట్లు

నాఫ్ప్లియో,
అక్టోబరు 11

బుజ్జమ్మకు,

నాన్న ఆశీస్సులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ ఊరంతా తలుపులేసుకుని పడుకుంటుంది, మా చిన్నప్పటి బందరులాగే. మీ అమ్మ కూడా ఓ కునుకు తీస్తోంది. ఫోన్ చేస్తే పక్కనుంచి అన్నీ వింటుంది కాబట్టి కాగితం తీసుకున్నాను. నిన్న నీతో ఒక అబద్ధం చెప్పాను. దాని సంగతి తర్వాత.

ఏథెన్స్ నుంచి బస్సు ప్రయాణం హాయిగానే సాగింది. 140 కిలోమీటర్లు ఉంటుంది. తప్పకుండా చూడమని నువ్వు పదిసార్లు చెప్పిన కొరింత్ కాలువ దారిలోనే వచ్చింది. మీ అమ్మ "ఏదండీ?" అనేలోపు వెళ్లిపోయింది కూడా.

ఊరు మన బచ్చుపేట అంత ఉంటుందేమో. ఏథెన్స్‌కు మార్చేవరకు, అంటే 1834 దాకా, కొత్త గ్రీసు దేశానికి రాజధాని ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. సందుల నిండా కాగితం పూల తీగలు. సెయింట్ స్పిరిడాన్ అని చిన్న చర్చి ఉంది. దేశానికి మొదటి గవర్నరు కపోడిస్ట్రియాస్‌ను 1831 అక్టోబరు 9న, ఆదివారం పొద్దున ప్రార్థనకు వస్తుంటే, ఆ గుమ్మం దగ్గరే చంపేశారు. ఆయన జైల్లో పెట్టించిన పెద్దాయన ఇంటివాళ్లే చేసిన పని. తూటా తగిలిన చోటు ఇదని గోడకు అద్దం బిగించి చూపిస్తున్నారు.

మీ అమ్మకు హత్య కంటే బంగాళదుంపల కథ నచ్చింది. కపోడిస్ట్రియాస్ జనానికి దుంపలు పంచిపెడితే ఎవరూ ముట్టుకోలేదట. అప్పుడాయన వాటి చుట్టూ కాపలా పెట్టించాడట. అదేదో విలువైన సరుకనుకుని రాత్రికి రాత్రే ఎత్తుకుపోయారట. నిజమో కాదో గానీ ఇక్కడ అందరూ చెప్పుకునే కథే. "దానికి కాకరకాయ వేపుడు తినిపించింది ఇలాగే కదండీ, నాన్నకి మాత్రమే అని గిన్నె మీద మూత పెట్టి" అని నవ్వింది. నీకు గుర్తుందా?

తిండికి ఇబ్బంది పడతామని టెన్షన్ పడ్డావు కదా. 'నిస్తిసిమో' అనే మాట పట్టుకున్నాం. ఉపవాసాలప్పుడు వాళ్లు తినేది అన్నమాట, మాంసం, గుడ్లు, పాలు ఉండవు. కానీ అందులో రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి ఉండొచ్చు, అది మాత్రం అడిగి తెలుసుకోవాలి. నిన్న టమాటాల్లో బియ్యం కూరి ఓవెన్లో వండిన గెమిస్తా తిన్నాం. కారం ఒక్కటే తక్కువ. గొర్రె పాల పెరుగు మాత్రం, గరిటె నిలబెడితే నిలబడుతుంది. ఇంకో తంటా ఏమిటంటే, వీళ్లకి 'నే' అంటే అవును. హోటలాయన "నే, నే" అంటుంటే లేదంటున్నాడనుకుని మీ అమ్మ రెండుసార్లు లేచి నిలబడింది.

ఇక అసలు సంగతి. ఊరి నెత్తిన పాలమీది కోట ఉంది. పేరు వినగానే మీ అమ్మ "పాలమీది మీగడా?" అంది. వెనిస్ వాళ్లు 1711లో మొదలుపెట్టి 1714 కల్లా కట్టేశారు. మరుసటి ఏడే తుర్కులకు పోగొట్టుకున్నారు, ఇల్లు కట్టి పాలు పొంగించగానే అమ్ముకున్నట్టు. కిందినుంచి 999 మెట్లని ఊరివాళ్ల లెక్క. వెయ్యోది, వీళ్ల స్వాతంత్ర్య పోరాటంలో సేనాపతి కొలొకోట్రోనిస్ గుర్రం తొక్కి విరగ్గొట్టిందట! లెక్కపెట్టినవాళ్లు మాత్రం అన్ని లేవంటారు.

పైకి రోడ్డుంది, టాక్సీలూ వెళ్తాయి. అలిపిరిలో 3,550 మెట్లెక్కినవాడిని నాకు టాక్సీ ఏమిటన్నాను. అలిపిరి ఎక్కి పదహారేళ్లయిందన్న సంగతి, అక్కడ దారి పొడుగునా నీడ ఉంటుందన్న సంగతి గుర్తు రాలేదు. 412 దగ్గర కాళ్లు వణికాయి. కూర్చుండిపోయాను. కంగారు పడకు, గుండె బాగానే ఉంది, మోకాళ్లే. మీ అమ్మ సీసాలో నీళ్లు తాగించి, చెంగు బొడ్లో దోపుకుని, "412 కదండీ" అని అడిగి, అక్కడినుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

నేను కింద సముద్రం చూస్తూ కూర్చున్నాను. మంగినపూడి నీళ్లు చూసిన కళ్లకు ఆ నీలం అలవాటు కాలేదు. నీళ్ల మధ్య బూర్జీ అనే బుల్లి కోట. పాలమీది జైలుగా ఉన్న రోజుల్లో తలారులను అందులో ఉంచేవారట, ఊళ్లోకి రానివ్వకుండా. గంటన్నర పైనే అయింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఫోను నా దగ్గరే ఉంది, చేతిలో ఉన్నది నువ్విచ్చిన కెమెరా ఒక్కటే. నువ్వు పుట్టినరోజు ఆసుపత్రి వరండాలో కూడా ఇలాగే కూర్చున్నాను.

దిగివచ్చింది. మొహం కందిపోయింది, చీర కుచ్చిళ్ల నిండా దుమ్ము. "స్వాతంత్ర్యం తెచ్చినవాణ్నే పట్టుకెళ్లి అక్కడ పెట్టారటండీ, వంగితే గానీ లోపలికి పోలేం" అంది. కొలొకోట్రోనిస్ గది చూసొచ్చింది. మెట్లెన్ని అంటే, "999 అనే చెప్పండి, ఊరివాళ్ల మాట మనం ఎందుకు తీసెయ్యాలి" అంది. అసలు లెక్క ఇప్పటికీ చెప్పలేదు.

నిన్న పంపిన ఫోటోలు అవే. "నాన్నా, ఇద్దరూ ఎక్కేశారా, సూపర్!" అన్నావు. నేను ఊ అన్నాను. ఆవిడ పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు, బత్తాయి ఒలుచుకుంటూ కూర్చుంది. వాటిల్లో ఒక్క దాంట్లోనూ నేను లేను, నువ్వు చూసుకోలేదు.

రేపు ఎపిడారస్ వెళ్తున్నాం. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు నాటకశాల, 55 వరుసలు. కింద నడిమధ్య నిలబడి మెల్లగా మాట్లాడినా పై వరుసకు వినిపిస్తుందట. పైకి తనే ఎక్కుతానంది. వినపడితే చెయ్యెత్తమన్నాను. ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.

లేచినట్టుంది. ఉంటాను.

నాన్న