బోర్డు ఒక చోట, బస్సు ఒక చోట

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సైన్స్ పేజీలో జన్యువుల మీద వేసిన వ్యాసం బాగుంది. కానీ ‘అన్ని జీవుల్లోనూ టాటా బాక్స్‌కి 30 అక్షరాల అవతల ఆర్‌ఎన్‌ఏ మొదలవుతుంది’ అన్న వాక్యం చదివి కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. టాటా బాక్స్ అంటే జన్యువు ముందుండే టి, ఏ అక్షరాల చిన్న వరస, జన్యువుకి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే బోర్డు లాంటిది. మనుషుల్లో టాటా బాక్స్ ఉన్న జన్యువులకు ఆ లెక్క సరే. బేకరీ ఈస్ట్‌కి మాత్రం కాదు.

మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ఈస్ట్ పెంచడమే నా ఉద్యోగం. సాయంత్రం ఇంటికెళ్తే మా చిన్నది “అమ్మ దగ్గర బన్ను వాసన” అంటుంది.

ఈస్ట్‌లో ఆ దూరం 40 నుంచి 120 అక్షరాల దాకా ఉంటుంది. మా మత్తికెరెలో బస్సెక్కేవాళ్లకి ఇదేం కొత్త కాదు. స్టాపు బోర్డు ఒక చోట ఉంటుంది, బస్సేమో ఆటోలు అడ్డం లేని చోటు చూసుకుని ముందెక్కడో ఆగుతుంది. ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే యంత్రం లాంటి పాలిమరేజ్ కూడా టాటా దగ్గర కుదురుకుని, కాస్త ముందు డీఎన్‌ఏ పోగులు విప్పుకుని, అక్కణ్ణుంచి వెతుక్కుంటూ పోతుంది. డీఎన్‌ఏ అక్షరాల్లో ‘సి’ గానీ ‘టి’ గానీ ఉండి, దాని వెంటనే ‘ఏ’ అక్షరం వచ్చే చోటంటే దానికి ఇష్టం. అలాంటిది దొరికినా ఒక్కోసారి వదిలేసి ముందుకెళ్తుంది. బస్సు పోలిక ఇంతవరకే. ఎందుకంటే ఇక్కడ రోడ్డే కదులుతుంది: టీఎఫ్‌టూహెచ్ అనే ప్రోటీన్ల గుంపు డీఎన్‌ఏని పాలిమరేజ్‌లోకి తోస్తూ ఉంటుంది.

ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ మొదలైందో గీతలుగా చూపించే జెల్ పరీక్ష మొదటిసారి చేసి, ఫిల్మ్ కడిగి లైటుకి పెట్టి చూసిన రోజు నాకింకా గుర్తే. ఒక జన్యువుకి ఒక గీత వస్తుందనుకుంటే నాలుగు వచ్చాయి. రెండు ముదురు, రెండు పలచన. ఏదో పాడుచేశానని టెన్షన్ పడిపోయాను. మా సీనియర్ మేడం చూసి “ఈస్ట్ అంతేనమ్మా, ఒక్క చోట మొదలుపెట్టదు” అని నవ్వేసింది.

ఆఫ్రికా బీరులో దొరికిన పోంబె అనే ఇంకో ఈస్ట్ ఉంది. అది మనుషుల లెక్కనే పాటిస్తుంది. 1994లో అమెరికన్ శాస్త్రవేత్త రోజర్ కోర్న్‌బర్గ్ బృందం పోంబె పాలిమరేజ్‌నీ, టీఎఫ్‌టూబీ అనే ప్రోటీన్‌నీ తెచ్చి బేకరీ ఈస్ట్ వాటి స్థానంలో పెడితే, మొదలయ్యే చోటు పోంబె లెక్కకి మారిపోయింది. అంటే దూరాన్ని తేల్చేది టాటా బాక్స్ ఒక్కటే కాదన్నమాట. అసలు బేకరీ ఈస్ట్ జన్యువుల్లో సిసలైన టాటా బాక్స్ ఉన్నవే ఐదో వంతు.

పీయూసీ చదివే మా పెద్దమ్మాయి ఆ పేజీ కత్తిరించి బయాలజీ నోట్సులో అంటించేసింది. వచ్చే ఆదివారం సవరణ వేస్తే దాని పక్కనే అంటిస్తాను.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, మత్తికెరె, బెంగళూరు