తీరం ఫొటోని కాలమ్ కొలతకి కోయొద్దు

సంపాదకుల వారికి,

పాఠకులు పంపే సముద్రతీరం ఫొటోలను ఆదివారం పేజీలో నలుపు తెలుపుల్లో వేస్తున్నారు, సంతోషం. కానీ పేజీలో మిగిలిన జాగాని బట్టి వాటిని కోసేస్తున్నారు. ఆకాశమూ తడి ఇసుకా ఊరికే ఖాళీగా ఉన్నాయనుకోవడమే ఇక్కడ పొరపాటు. తడి ఇసుకలో పడవ ప్రతిబింబం సగానికి తెగితే పడవే తెగినట్టు కనిపిస్తుంది.

ముందుగా కంటికి తగిలేది ఒరిగిన క్షితిజరేఖ, అంటే సముద్రమూ ఆకాశమూ కలిసే గీత. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో ఒక్క డిగ్రీ ఒరిగినా ఈ కొసకీ ఆ కొసకీ 105 పిక్సెళ్ల తేడా వస్తుంది. సముద్రం పక్కకి ఒలికిపోతున్నట్టుంటుంది. సరిచేయొచ్చు, కానీ వెడల్పు ఎత్తులు 3:2 నిష్పత్తిలో ఉన్న ఫొటోని 2 డిగ్రీలు తిప్పి అదే నిష్పత్తిలో కోస్తే దాదాపు పదోవంతు బొమ్మ పోతుంది. అంచుకి ఆనించిన లైట్‌హౌస్ కొన అందులోనే పోతుంది. అందుకే తీసేటప్పుడే చుట్టూ కాస్త జాగా వదలాలి. వైడ్ లెన్స్‌తో తీసినప్పుడు, గీత ఫ్రేములో బాగా పైనో కిందో ఉంటే విల్లులా వంగుతుంది. ముందు ఎడిటింగ్‌లో ఆ వంపుని సరిచేసి (లెన్స్ కరెక్షన్), తర్వాతే తిప్పాలి.

క్రాప్ (అంచులు కోయడం) మాత్రం నలుపు తెలుపుల్లోకి మార్చాకే చేయాలి. రంగుల్లో కళ్లు లాగే ఎర్ర పడవ, వెనకున్న సరుగుడు తోట ఒక్కోసారి ఒకే బూడిదరంగైపోతాయి. అప్పుడు చూపు తెల్లటి నురగ మీదకి పోతుంది, కోయాల్సిన చోటూ మారుతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలే చూడండి. మామూలుగా మారిస్తే మట్టీ పొదలూ ఒకటే ముద్ద. ఎడిటింగ్‌లో ఒక్కో రంగు ఎంత తెల్లగా రావాలో మార్చే స్లైడర్లలో ఎరుపు పెంచి, ఆకుపచ్చ తగ్గిస్తే వాన కోసిన గాడులు విడివిడిగా తేలతాయి. నీలం తగ్గిస్తే ఆకాశం ముదురుతుంది, అతిగా తగ్గిస్తే ఆకాశంలో ఇసుక చల్లినట్టు నలకలు (నాయిస్) లేచి కొండ అంచున తెల్లటి గీత పడుతుంది. కెమెరాలోనే నలుపు తెలుపు జేపెగ్‌గా తీస్తే ఈ స్లైడర్లు పనిచేయవు. కాబట్టి రంగు ఫైలే పంపమని పాఠకులకి చెప్పండి.

నురగ పూర్తిగా తెల్లబడిపోతే అందులోని వివరం ఏ ఎడిటింగ్‌తోనూ తిరిగి రాదు. కెమెరాలో వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ కుడి అంచుకి గుద్దుకోకుండా అవసరమైతే ఒక స్టాపు వరకూ, అంటే వెలుగు సగమయ్యే దాకా, ఎక్స్‌పోజర్ తగ్గించాలి. షట్టర్ 1/500 సెకను దగ్గర కెరటం గడ్డకట్టినట్టు నిలుస్తుంది. 30 సెకన్లు పెడితే నీరంతా పొగమంచైపోతుంది. అర సెకను దగ్గర, వెనక్కి జారే నీరు ఇసుక మీద గీతలు గీస్తుంది. తీరానికి అదే అందమని నా నమ్మకం.

ఒడ్డు నుంచి అలివి వల (తాళ్లతో లాగే పెద్ద చేపల వల) లాగేవాళ్లని నిలబడి తీస్తే క్షితిజరేఖ వాళ్ల తలల మీదుగా పోతుంది. నడుము ఎత్తుకి వంగి తీస్తే గీత నడుము దగ్గరికి దిగి, తలలు ఆకాశం మీద విడిగా కనిపిస్తాయి. తలల మీదుగా గీత పోయే లోపాన్ని ఏ క్రాపూ దిద్దలేదు. మోకాళ్ల దగ్గర, చీలమండల దగ్గర మనుషుల్ని కోయకూడదు. వల తాడు సాగిన దిక్కున జాగా ఉంచాలి.

ఇక అచ్చు సంగతి. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి ముదురు బూడిదరంగు నల్లముద్దవుతుంది కనుక నీడల్ని కొంచెం తేల్చి పంపాలి. ఆకాశం తెల్లగా ఉన్న ఫొటో చుట్టూ సన్నటి గీత గీయాలి, లేకుంటే పై అంచు కాగితంలో కలిసిపోతుంది. జాగా చాలనప్పుడు నాలుగు కాలమ్‌లలో కోసి వేసే బదులు, రెండు కాలమ్‌లలో చిన్నదిగానైనా పూర్తి ఫొటో వేయండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం